కొబ్బరి ముక్కా, భజన పాటా

మన కుక్కకి డాన్సు ఎలా వచ్చింది అమ్మమ్మా అని మొన్న ఫోన్లో అడిగారు కదా. అప్పుడు చెప్పలేకపోయాను. నా గొంతు మీకు సరిగ్గా వినపడదు, మీ నాగపూర్‌లో మీకు ఎప్పుడూ ఏదో క్లాసు ఉంటుంది. అందుకని తీరుబడిగా రాస్తున్నాను. మీ అమ్మ చదివి వినిపిస్తుంది. మీకు తెలుగు చదవడం వస్తే మీరే చదువుకోండి.

అసలు మొదలుపెట్టింది మీరే. తాతయ్య పోయిన కొన్నాళ్ళకి నాకొక వీడియో పంపారు. ఎవరో పొట్టి జుట్టావిడ ప్యాంటు వేసుకుని, పాట పెట్టుకుని, కుక్కతో డాన్సు చేస్తోంది. ఆవిడ ముందుకి అడుగేస్తే అది వెనక్కి వేస్తోంది. ఆవిడ తిరిగితే అదీ తిరుగుతోంది. కింద "అమ్మమ్మా, నవ్వు" అని రాశారు. నేను నవ్వలేదమ్మా. బాగోలేదని కాదు. అప్పట్లో నాకు బాగుండడం, బాగోకపోవడం రెండూ ఒకలాగే ఉండేవి. కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయి అదే తినేసేదాన్ని. మర్చిపోయానని పక్కవాళ్ళు చెప్తే తెలిసేది.

తాతయ్య పోయింది గోదారికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో. ధవళేశ్వరంలో మన కొట్టు మీకు తెలుసుగా, ముందు కొట్టు, వెనకాల గోడౌను, దాని వెనకాల ఇల్లు. కొట్లో గల్లాపెట్టె వెనకాల కుర్చీలోనే ఆయన బతుకంతా గడిచింది. ఆ కుర్చీ కిందే కుక్క. దానికి పేరు పెట్టలేదు. తాతయ్య "ఒరేయ్" అని పిలిచేవారు, అదే పేరైపోయింది. వీధిలో ఎవరు ఎవర్ని ఒరేయ్ అన్నా వీడు తలెత్తి చూసేవాడు.

ఆయన్ని తీసుకెళ్ళిపోయాక ఒరేయ్ ఆ కుర్చీ కింద నించి లేవలేదు. లేవలేదంటే అసలు లేవలేదని కాదు, బయటికి వెళ్ళొచ్చేవాడు, మళ్ళీ అక్కడే. అన్నం అక్కడికే తీసుకెళ్ళి పెట్టాలి. ఎవరైనా కుర్చీలో కూచోబోతే గుర్రుమనేవాడు. కరిచేవాడు కాదు, గుర్రు మాత్రమే. కానీ బేరానికి వచ్చినవాళ్ళకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

కొట్టు చూసుకోడానికి చిన్నతాతయ్య వచ్చాడు. అంటే మీ తాతయ్య తమ్ముడు, నాకు మరిది. పాపం పొద్దుణ్ణించి నిలబడే బేరాలు చేసేవాడు. చిల్లర కావాల్సొచ్చినప్పుడల్లా కుర్చీ అవతల నించి వంగి గల్లా లాగాలి. ఆయనకీ మోకాళ్ళ నొప్పులే.

"ఏంటి వదినా ఇది, మా అన్నయ్య కుర్చీలో నేను కూచోడానికి వీడి పర్మిషన్ కావాలా?" అన్నాడు ఒకరోజు.

"గోడౌన్లో కట్టెయ్యి" అన్నాను.

కట్టేశాడు. ఒరేయ్ అన్నం ముట్టుకోలేదు. నీళ్ళు కూడా ముట్టుకోలేదు. కళ్ళు గుంటలు పడి, ఒక మూల గోడకేసి చూస్తా పడుకున్నాడు. చిన్నతాతయ్యే భయపడి విప్పేశాడు. విప్పగానే వెళ్ళి కుర్చీ కింద పడుకుని, అక్కడ పెడితే తిన్నాడు.

అప్పుడు చిన్నతాతయ్య నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదమ్మా. చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు కూడా. "వదినా, సంవత్సరీకాలు అయ్యేదాకా చూస్తాను. అప్పటికీ వాడు అక్కణ్ణించి లేవకపోతే కడియం రోడ్డులో రైసుమిల్లాయన అడుగుతున్నాడు, కాపలాకి. ఇచ్చేద్దాం."

"అక్కడ కట్టేస్తారా?" అన్నాను.

"పగలు కడతారు మరి."

"సరే" అన్నాను. ఆ ఏడాది నేను అన్నిటికీ సరే అన్నాను. కానీ కట్టేస్తే ఏమవుతాడో చూశాంగా. అది తెలిసే సరే అన్నాను, తెలిసే వెళ్ళి కూరగాయలు తరుక్కున్నాను. లోపల ఏమీ కదల్లేదు.

మీ వీడియో వచ్చింది ఆ తర్వాతే. దాన్ని చాలాసార్లు చూశాను, వేరే ఏం చూడాలో తెలీక. చూడగా చూడగా ఒకటి కనపడింది. ఆ కుక్క నేల చూడట్లేదు, మనుషుల్ని చూడట్లేదు, ఆవిడ మొహమే చూస్తోంది. పాట వచ్చిందంటే అది ఆవిడ దగ్గరికి రావాలి, అంతే దానికి తెలిసింది. పాటకి వీణ్ణి కుర్చీ కింద నించి లేపగలిగితే చిన్నతాతయ్య కూచుంటాడు కదా అనుకున్నాను. డాన్సు నేర్పాలని కాదు.

మరి పాటేది? అది ఏటిసూతకం ఇల్లు. ఏడాది తిరిగేదాకా పండగ లేదు, పిండివంట లేదు, గుమ్మానికి తోరణం లేదు. ఇవన్నీ సరిగ్గా జరిగేలా చూడ్డానికి పెద్దమ్మమ్మ వచ్చి మనింట్లోనే ఉండిపోయింది. తాతయ్యకి అక్క, నాకు వదిన. వచ్చిన రోజే టీవీ మీద పాత దుప్పటి కప్పేసింది. టీవీకి చలేస్తున్నట్టు.

"వదినా, ఫోన్లో పాట పెట్టుకోవచ్చా?" అని అడిగాను.

"పాటలా? మనిషి పోయిన ఇంట్లో పాటలా? వినపడితే వీధిలో వాళ్ళు ఏమనుకుంటారే?"

"భజన పాట అయితే?"

"దేవుడిది అయితే పర్లేదు. చిన్నగా పెట్టుకో. ఎందుకిప్పుడు?"

"కుక్కకి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నా నుదుటి మీద చెయ్యేసి చూసింది, జ్వరమేమో అని.

చిన్నతాతయ్య నా మనసు కుదుటపడుతుందని ఫోన్లో ఒక భజన వేసిచ్చాడు. మన వీధి భజన బృందం శనివారం శనివారం గుళ్ళో పాడేదే. తాతయ్యా వెళ్ళి తాళాలు వేసేవారు. మెల్లిగా మొదలవుతుంది, రానురానూ జోరు, ఆఖర్న హారతి గంట. దాన్నే పెట్టాను.

మధ్యాన్నం షట్టరు సగం దించి చిన్నతాతయ్య భోజనానికి వెళ్ళాక, కొట్లో నేనూ ఒరేయ్ ఉండేవాళ్ళం. ఎండుకొబ్బరి చిప్ప ఒకటి తీసుకుని చిన్నచిన్న ముక్కలు చేసుకునేదాన్ని. వాడికి కొబ్బరంటే ఇష్టం, తాతయ్యే అలవాటు చేశారు. పాట పెట్టేదాన్ని. వాడు కళ్ళు మూసుకుని పడుకునేవాడు. పాట అయిపోయేది. మళ్ళీ పెట్టేదాన్ని. చాలా రోజులు అంతే జరిగింది. నాకు విసుగు రాలేదు. విసుక్కోవాలన్నా ఏదో ఒకటి ఉండాలిగా లోపల.

ఒకరోజు పాట మొదట్లో తలెత్తాడు. ఈగ వాలిందో ఏమో. వెంటనే ముక్క వేశాను. మర్నాడు పాట రాగానే తలెత్తి నన్ను చూశాడు. ముక్క వేశాను. తర్వాత తలెత్తితే వెయ్యలేదు, లేచి కూచుంటే వేశాను. తర్వాత కూచుంటే వెయ్యలేదు, నుంచుంటే వేశాను. అలాగే కొంచెం కొంచెం దూరం జరిగాను. ఇంత చేస్తే గోడౌను గుమ్మం దాకా వచ్చాడు.

లేచినప్పుడల్లా ముందు కాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకునేవాడు. అలా విరుచుకున్నప్పుడే ముక్క వేస్తే, పాట మొదలవగానే విరుచుకోవడం అలవాటైంది. చూసేవాళ్ళకి దణ్ణం పెడుతున్నట్టు ఉంటుంది.

మీ వీడియోలో కుక్క ఆవిడ కాళ్ళ మధ్య నించి అటూ ఇటూ దూరుతోంది. అది కుదరదు. చీర కట్టుకున్నవాళ్ళ కాళ్ళ మధ్య నించి కుక్క ఎలా దూరుతుంది? ఒకసారి ప్రయత్నించి కుచ్చిళ్ళలో తల ఇరుక్కుని ఇద్దరం పడబోయాం. అందుకని తాతయ్య చేతికర్ర తెచ్చి పక్కన ఆనించి పట్టుకున్నాను. నాకూ కర్రకీ మధ్య నించి దూరి, కర్ర చుట్టూ తిరిగి, మళ్ళీ నా వెనక నించి రావడం. అది తొందరగానే వచ్చింది.

వెనక్కి నడవడం మాత్రం రాలేదు. వెనక్కి అంటే వాడు గిర్రున తిరిగి ముందుకే నడిచేవాడు. పెద్దమ్మమ్మ చాప మీద పడుకుని ఇదంతా ఒక కన్నుతో చూసేది.

"వాడికి తిరగడానికి చోటుంది కాబట్టి తిరుగుతున్నాడే" అంది. "బియ్యం బస్తాల సందులో పెట్టు. అక్కడ వాడి తాత కూడా తిరగలేడు."

నిజమే. గోడౌన్లో రెండు వరసల బస్తాల మధ్య మనిషి ఒక్కడు పట్టే సందు ఉంది. వాణ్ణి ముందు పంపి, తర్వాత నేను ఎదురుగా వెళ్ళాను. తిరగలేక ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. అడుగు పడినప్పుడల్లా ముక్క. కొన్నాళ్ళకి బస్తాలు లేకపోయినా వెనక్కి వేసేవాడు.

"కుడికి తిరగమంటే ఎడమకి తిరుగుతాడేంటే" అనేది పెద్దమ్మమ్మ. "అచ్చం మా తమ్ముడే."

అప్పటికి ఆవిడ లేచి కూచుని తొడ మీద తాళం వేస్తోంది. జోరు వచ్చే చోట "ఆఁ, ఆఁ, ఇప్పుడు తిప్పు" అని నాకే చెప్పేది. ఎవరైనా తలుపు కొడితే మాత్రం చెయ్యి తీసేసి కొంగు సర్దుకుని పడుకునేది. గంట మోగగానే ఒరేయ్ నా ఎదురుగా కూచోవాలి. కూచునేవాడు. నేను ఆఖరి ముక్క పెట్టేదాన్ని.

ఆ తర్వాత వాడు లేచి, నడుచుకుంటా వెళ్ళి, కుర్చీ కింద పడుకునేవాడు. అదే చిక్కు.

చిన్నతాతయ్యకి చూపించాం. పాట పెట్టగానే లేచి వచ్చాడు, చిన్నతాతయ్య వెళ్ళి కుర్చీలో కూచున్నాడు. ఏడెనిమిది నెలల్లో మొదటిసారి. గంట మోగింది. ఒరేయ్ కొబ్బరి తిని, వెళ్ళి చిన్నతాతయ్య కాళ్ళ ముందు నుంచుని గుర్రుమన్నాడు.

చిన్నతాతయ్య లేచి నుంచున్నాడు. "వదినా, రోజంతా భజన పెట్టుకుని బేరం చెయ్యమంటావా?"

పెద్దమ్మమ్మ నవ్వింది. నేను ఫోను ఆపేశాను.

ఇంకోటి కూడా జరిగింది, అది నా తెలివితక్కువ. సూతకం ఇంట్లో భజన తప్ప ఇంకేం పెట్టకూడదని భజనకి నేర్పాను కదా. మరి వీధిలో భజన వస్తే? ఒక శనివారం బృందం తాళాలు వేసుకుంటా మన కొట్టు ముందుకి వచ్చింది. ఒరేయ్ కుర్చీ కింద నించి లేచి, వీధిలోకి వెళ్ళి, వాళ్ళ ముందు దణ్ణం పెట్టి, వెనక్కి నడిచి, గిర్రున తిరిగాడు. కర్ర లేదని తాళాలాయన చుట్టూ తిరిగాడు. అందరూ ఫోన్లు తీశారు. గంట మోగగానే కూచుని నావైపు చూశాడు, ముక్క కోసం. నేను గుమ్మంలో నుంచున్నాను. నా చేతిలో కొబ్బరి లేదు.

తర్వాతి రోజు నించీ జనం. ఒకావిడ అరటిపళ్ళు తెచ్చింది. ఇంకొకావిడ వాడి నుదుటి మీద బొట్టు పెట్టింది. అది చెవి దాకా కారింది. ఎదురింటావిడ నా చెయ్యి పట్టుకుని, "మీరు బాధపడకండమ్మా, ఆయనేనండి. ఆయన తాళాలు వేసిన భజనకే లేస్తున్నాడు చూడండి. ఏడాది లోపు ఇలా వచ్చి కనపడతారండి" అంది.

"కొబ్బరికి లేస్తున్నాడండి" అన్నాను.

"ఆయనకీ కొబ్బరి ఇష్టమే కదండి" అంది ఆవిడ.

నిజంగానే ఇష్టం.

చిన్నతాతయ్య మాత్రం ఒప్పుకోలేదు. "మా అన్నయ్యకి డాన్సెక్కడ వచ్చు? నా పెళ్ళి ఊరేగింపులో రెండు అడుగులు వేసి బ్యాండువాడి కాలు తొక్కాడు" అన్నాడు. "ఆయనే అయితే నన్ను చూసి గుర్రుమంటాడా? కుర్చీ నాకు ఇస్తానని ఆయనే అన్నాడు." ఆ మాట అని కొంచెంసేపు లెక్కల గదిలోకి వెళ్ళి కూచున్నాడు. బయటికొచ్చాక రైసుమిల్లాయన్ని సంవత్సరీకాల భోజనానికి పిలిచానని చెప్పాడు. వెళ్ళేటప్పుడు తీసుకెళ్తాడట.

నేను ఎప్పట్లాగే సరే అన్నాను.

సంవత్సరీకాల రోజు తద్దినం చిన్నతాతయ్యే పెట్టాడు, మాకు మగపిల్లలు లేరుగా. మీ అమ్మ వచ్చింది, మీకు పరీక్షలని మిమ్మల్ని తేలేదు. పిండాలు పెట్టేటప్పుడు కుక్క కంటపడకూడదని పెద్దమ్మమ్మ పొద్దున్నే ఒరేయ్‌ని గోడౌన్లో పెట్టి గొళ్ళెం వేసింది. వాడు అరవలేదు. బ్రాహ్మలు వెళ్ళారు, భోజనాలు మొదలయ్యాయి, వడ్డనలు, ఆకులు తియ్యడం, ఇంకో బంతి. నేను వంటింట్లో పెరుగు గిన్నెల్లో పోస్తున్నాను. రైసుమిల్లాయన మంచాయనే, వంకాయ కూర మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. ఆయన స్కూటర్ హ్యాండిల్‌కి కొత్త గొలుసు వేలాడుతోంది.

భోజనాలయ్యాక భజన బృందం వాళ్ళు కొట్టు ముందు కూచున్నారు. తాతయ్య తమతో పాటు పాడిన మనిషి కదా, ఒక పాట పాడి వెళ్తామన్నారు. ఆ పాటే పాడారు.

వంటింటికీ గోడౌనుకీ మధ్య ఒక్క తలుపే. పాట మొదలైన కాసేపటికి ఆ తలుపు అవతల నించి గోళ్ళ చప్పుడు వినపడింది. మొదట తలుపు గీకుతున్నాడనుకున్నాను. కాదు. గీకడం కాదు. చప్పుడు మెల్లిగా వెనక్కి వెళ్ళింది, బస్తాల సందులోకి. మళ్ళీ ముందుకి వచ్చింది. పాట జోరందుకున్నప్పుడు గోళ్ళు గచ్చు మీద గబగబా ఒకే చోట తిరిగాయి. గంట మోగింది. చప్పుడు ఆగింది. కూచున్నాడని తెలిసింది.

అక్కడ వాడికి ఎదురుగా ఎవరూ లేరు. చీకటి, బియ్యం బస్తాలు.

నేను పెరుగు గిన్నె కింద పెట్టి గొళ్ళెం తీశాను. ఒరేయ్ కూచునే ఉన్నాడు, మొహం పైకెత్తి. నన్ను చూడగానే లేచాడు. ఆ పూట అందరూ ఉన్నారని నేను కొబ్బరి తీసి పెట్టుకోలేదు. ఖాళీ చెయ్యి చూపించి, కొట్టు వైపు తలుపు తీసి వంటింట్లోకి వచ్చేశాను. వాడు కొట్లోకి వెళ్ళాడు. ఇంక కుర్చీ కిందకే అనుకున్నాను. అప్పటికే చిన్నతాతయ్య కుర్చీలో కూచుని ఉన్నాడు, బృందం వాళ్ళకి తాంబూలాలు ఇవ్వడానికి. గుమ్మంలో నించి చూస్తున్నాను. రైసుమిల్లాయన కూడా చూస్తున్నాడు. ఒరేయ్ కుర్చీ దాకా వెళ్ళాడు. చిన్నతాతయ్య కాళ్ళు పైకి లాక్కున్నాడు. వాడు ఆయన్ని వాసన చూసి, కొట్టంతా చూసి, వెనక్కి తిరిగి, నా దగ్గరికి వచ్చి, వంటింటి గుమ్మం ముందు కూచున్నాడు. మొహం పైకెత్తి.

వాడికి రావలసిన ముక్క రాలేదు. దానికోసం వచ్చాడు. అంతకంటే నాకు తెలీదమ్మా. ఎదురింటావిడ వేరేగా చెప్తుంది, మీరొచ్చినప్పుడు ఆవిణ్ణి అడగండి.

పచ్చడికి తెచ్చిన కొబ్బరికాయ సగం చెక్క ఉంటే అది పెట్టేశాను. ముక్కలు చెయ్యలేదు. వాడు దాన్ని గుమ్మం దగ్గరే పెట్టుకుని చాలాసేపు కొరికాడు. తర్వాత అక్కడే పడుకున్నాడు. చిన్నతాతయ్య లేచి, మళ్ళీ కూచుని చూశాడు. గుర్రు లేదు.

"ఏమండీ, గొలుసు తీసుకెళ్ళిపోండి. ఇంకో కుక్క దొరికినప్పుడు పనికొస్తుంది" అన్నాడు రైసుమిల్లాయనతో. ఆయన "డాన్సు చేసే కుక్క దొంగల్ని ఏం పడుతుందిలెండి" అని స్కూటర్ ఎక్కాడు.

పెద్దమ్మమ్మ వెళ్ళి టీవీ మీద దుప్పటి తీసి మడతపెట్టింది. మీ అమ్మ ఏడ్చింది. అందరూ నావైపు చూశారు. నేను చీపురు తీసుకుని కొట్లోకి వెళ్ళాను.

గల్లా దగ్గర, కుర్చీ కింద, ఏడాది నించి ఎవరూ ఊడవలేదు. వాడు ఉండగా ఎవరు ఊడుస్తారు. బొచ్చు ఉండలు కట్టి ఉంది. రెండు మూడు ఎండిన కొబ్బరి ముక్కలు ఉన్నాయి, వాడు తినకుండా దాచుకున్నవి. వాడు పడుకునే చోట గచ్చు మీద నల్లగా మరక పడింది, కుక్క పడుకున్న ఆకారంలోనే. ఇన్నాళ్ళూ ఆయన కోసం అక్కడ ఒకరు ఉండేవారు. వాణ్ణి అక్కణ్ణించి లేపడానికి ఏడాది కష్టపడింది నేనే. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు.

తడిగుడ్డ తెచ్చి కింద కూచున్నాను.

"కాళ్ళు ఎత్తనా వదినా?" అన్నాడు చిన్నతాతయ్య.

"ఎత్తు" అన్నాను. మరక సగం పోయింది.